కానుగసెట్టు అర్జీ మీద నా వేలిముద్ర

కరోనా తగ్గిన మరుసటి ఏడు. అప్పుడు నాను గాజువాక పక్క కాలనీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తన్నాను. తెల్లారీసరికి మస్టర్ వేయించుకోవాలి, అంటే హాజరు. తర్వాత ఎవులి పాయింట్‌కి ఆలు ఎల్లిపోవాలి. పాయింట్ అంటే మనకి రాసిచ్చిన వీధి. నా పాయింట్ సివర ఒక కానుగసెట్టు. హుద్‌హుద్ తుపానుకి ఆ వరసంతా పడిపోతే అదొక్కటే నిలబడ్డాది.

ఊడ్సేవోలకి కానుగంటే మంట. ఎండలు ముదిరే ముందు ఆకంతా దులిపీత్తాది, ఆనక పువ్వు రాలుత్తాది. ఊడ్సి ఎనక్కి తిరిగితే మళ్లీ రోడ్డు నిండా. "నీ పాడె గట్టా" అని రోజూ తిట్టేదాన్ని. తిడతానే పదిగంటలకి దాని కిందే కూకుని, పక్క పాయింట్ల ఆడోలం నలుగురం సద్దికూడు తినేవోలం. మా ఇంటాయన పోయేక నాను మనిషితో మాటాడేది ఆ అరగంటే. ఇంటికెల్తే గోడలే.

సెట్టెదురు మేడాయన కింద షాపు కట్టించినాడు. బోర్డుకి సెట్టు అడ్డం. ఒకనాడు అక్క వరస కలుపుకుంటా కాగితం పట్టుకొచ్చినాడు.

"అప్పా, ఈ ఆకుతో సత్తన్నావు కదా. ఇక్కడ వేలిముద్ర వెయ్యి, కొమ్మలు కొట్టించీత్తాను."

కొమ్మలే కదా అని వేసీసినాను. అందులో ఏటి రాసినాడో అడగలేదు.

కొన్నాళ్లకి ఆ కాగితం పట్టుకుని సెట్ల ఆఫీసరమ్మ వచ్చినాది. మన జాగాలో సెట్టైనా సరే, కొట్టాలంటే పర్మిషన్ ఉండాలంట. దానికి వాల్టా అని సట్టం ఉందంట. అర్జీ ఎడితే ఆలొచ్చి సూసి రాత్తారంట.

"అమ్మా, ఈ ముద్ర నీదేనా?"

"నాదేనమ్మా."

"చెట్టు లోపల పుచ్చిపోయింది, కొమ్మ విరిగి నీ తలమీద పడబోయింది, మొదలంటా కొట్టెయ్యమని రాసి ఉంది. నిజమేనా?"

ఎదురుగా మేడాయన. పక్కన మా మేస్త్రీ, ఊఁ అనమని కళ్లతో సైగ. ఊఁ అంటే సెట్టు పోద్ది. కాదంటే నా పని ఆ మేస్త్రీ సేతిలో ఉంది.

"ఆకు రాలతాదని తిట్టినాను తల్లీ. పుచ్చిందని నానెప్పుడూ అన్లేదు. కర్రెట్టి కొట్టి సూడండి."

"ముసల్దానికి మతి లేదు మేడం," అన్నాడు మేడాయన.

"మతి లేనిదాని వేలిముద్ర నీకెందుకయ్యా మరి?"

ఆఫీసరమ్మ నవ్వాపుకుంది. సెట్టు సుట్టూ కొట్టి సూసినాది. గట్టిగా ఉంది. నా మాట రాసుకుని, పైకి సదివి వినిపించి, అప్పుడు ముద్ర వేయించుకుంది. పర్మిషన్ రాలేదు.

మర్నాడు మస్టర్ కాడ మేస్త్రీ నా పాయింట్ మార్చీసినాడు. ఆటోనగర్ రోడ్డు. లారీలు, ఇసక. కేకేసినా పక్క పాయింట్ మనిషికి వినబడదు. సద్దికూడు ఒక షెడ్డు గోడకానుకుని ఒక్కదాన్నే తింతన్నాను. మొదట్లో మా ఆడోలు ఫోన్ సేసేవోలు, "వొదినా, నీ సెట్టు పూసింది, నడుం ఇరిగిపోతంది" అని. ఆనక ఆల పనులు ఆలవి.

సెట్టుని కదపాలంటే అర్జీ ఎట్టాలి, ఆఫీసరమ్మ రావాలి, అడగాలి, రాయాలి. నన్ను కదపడానికి మేస్త్రీ ఒక్క మాట సరిపోనాది.

ఇప్పుడు ఎవులు కాగితం తెచ్చినా "పైకి సదవండి బాబూ" అంతన్నాను. కసురుకుంటారు. కసురుకోనీ. మజ్జిలో మాట మింగేత్తే మళ్లీ మొదట్నించి సదవమంతన్నాను.