జుమైలియా దారిలో ఏడు వారాల కారవాన్ కాపురం

దోహాలో అద్దెలు మోయలేక, ఊరి బయట ఎడారిలో పాత కారవాన్ ఒకటి తీసుకుని ఉంటే ఎలా ఉంటుందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. మేము అలా ఉండి వచ్చామని వాళ్ళకు ఎవరో చెప్పారట. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను గానీ, అలాంటి ఆలోచనలో ఉన్నవాళ్ళకు అసలు సంగతి తెలియాలనిపించి ఇదంతా రాస్తున్నాను.

మాది సామర్లకోట దగ్గర పల్లె. మా ఆయన మురళి ఖతార్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపర్. పెళ్ళయిన తొమ్మిదేళ్ళ దాకా ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఏడాదికో నెల సెలవు వస్తే అందులో సగం చుట్టాలకూ బ్యాంకు పనులకూ పోయేది. మూడేళ్ళ కిందట ఫ్యామిలీ వీసా దొరికితే నేనూ వెళ్ళాను. దోహాలోని అల్ మన్సూరాలో ఒక పాత బిల్డింగ్ మూడో అంతస్తులో ఒకటే గది, చిన్న వంటిల్లు, బాత్రూమ్. అద్దె నెలకు రెండు వేల నాలుగు వందల రియాళ్ళు. కాలితో తొక్కే కుట్టు మిషన్ ఒకటి కొనుక్కుని చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేదాన్ని. సాయంత్రం ఆయన మెట్లెక్కే చప్పుడు వినగానే టీకి నీళ్ళు పెట్టేదాన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కాపురమంటే ఏమిటో ఆ గదిలోనే తెలిసింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ప్రాజెక్టు అయిపోయిందని కంపెనీ ఆయన్ని దుఖాన్ రోడ్డు మీదున్న గోడౌన్‌కు మార్చి, జీతం సగానికి తగ్గించింది. రెండు వారాలు ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఓ గురువారం డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా, "ఉమా, ఎడారిలో ఉండగలవా?" అని అడిగారు. ఆయనకు తెలిసిన ఓబులేసు అనే కడప జిల్లా అతను ఒక ఖతారీ ఇంట్లో హౌస్ డ్రైవర్. ఆ ఇంటివాళ్ళకు జుమైలియా వైపు ఒక తోట ఉంది. చలికాలం క్యాంపింగ్ కోసం కొడుకులు కొత్త కారవాన్ కొనుక్కోవడంతో పాతది ఆ తోటలో ఊరికే పడి ఉంది. నెలకు అయిదు వందలిస్తే చాలన్నారట. నీళ్ళు, జనరేటర్ కరెంటు అందులోనే. "నేను వెళ్ళి చూసొచ్చాను. బానే ఉంది," అన్నారు. నన్ను ఇంటికి పంపించేస్తారేమోనని రెండు వారాలుగా బిక్కుబిక్కుమంటున్నాను. కలిసే ఉంటామన్న మాట ఒక్కటి చాలు నాకు. ఇంకేమీ అడగలేదు.

మార్చి మూడో శుక్రవారం పొద్దున్న ఆరున్నరకు ఓబులేసు పికప్ తెచ్చాడు. బయట మాట్లాడుకుంటే రెండు వందల దాకా అడుగుతారు, అతను పెట్రోలు మాత్రం పోయించుకున్నాడు. జనరేటర్ రోజంతా నడవదన్నారు కాబట్టి ఫ్రిజ్ అమ్మేశాం. వాషింగ్ మెషీన్ పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను. బియ్యం బస్తా, గ్యాస్ బండ, కుక్కరు, కుట్టు మిషన్, రెండు పెట్టెలు, పరుపు. మూడేళ్ళ కాపురంతో ఒక పికప్ సగం కూడా నిండలేదు. కింద వాచ్‌మన్ చేతిలో తాళాలు పెట్టి, కాగితం మీద సంతకం చేసి బయల్దేరేసరికి ఏడు దాటింది.

దుఖాన్ హైవే ఎక్కాక దారి తిన్నగా ఉంటుంది. ముప్పావుగంటలో షహానియా వచ్చింది. అక్కడ ఒక టీ కొట్టు ముందు ఓబులేసు హారన్ కొడితే, మూడు కప్పుల కరక్ చాయ్ బండి దగ్గరికే తెచ్చిచ్చారు, కప్పు రియాల్. చాయ్ తాగుతూ ఓబులేసు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. "అక్కా, ఎండాకాలం ఆడ శానా కష్టంగా ఉంటాది. అన్నకు రెండుతూర్లు చెప్పినా. మీరే ఉంటామంటాండారంట గదా?" అన్నాడు. ఉంటామనే అన్నాను. మా ఆయన కిటికీలోంచి రోడ్డు అవతల వెళ్తున్న ఒంటెల వరసను చూస్తూ కూర్చున్నారు.

షహానియా దాటాక కాసేపటికి కుడివైపు, ఉత్తరానికి తిరగాలి. తారురోడ్డు మీద అరగంట, ఆ తర్వాత బండి చక్రాలు వేసిన జాడల మీద నాలుగు కిలోమీటర్లు. ఎడారి అనగానే నేను ఇసుక దిబ్బలు ఊహించుకున్నాను. అక్కడ దిబ్బలు లేవు. పాలిపోయిన రంగులో, కంకర పరిచినట్టు, కనుచూపు మేరా చదును నేల. మధ్యలో ఒక గోడ, గోడ లోపల యాభై అరవై ఖర్జూరం చెట్లు, మేకల షెడ్డు, నీళ్ళ ట్యాంకు, పనివాళ్ళ గదులు. గోడకు బయట, టైర్లలో గాలి పోయి ఇటుకల మీద నిలబెట్టిన తెల్ల కారవాన్. మేము చేరేసరికి తొమ్మిది కావస్తోంది.

తలుపుకు గొళ్ళెం పడదు. లోపల పొడవు నా అడుగులతో ఏడు, వెడల్పు మూడు లేదు. పరుపుల్లో బొగ్గు పొగ వాసన, సొరుగుల నిండా ఇసుక. బాత్రూమ్ పనిచేయదు. పనివాళ్ళ గదుల వెనక ఉన్నదే వాడుకోవాలి. ముగ్గురు మగవాళ్ళు వాడే బాత్రూమ్ అది. "ఇది చెప్పలేదేంటండీ?" అన్నాను. "లోపల గడియ పెట్టిస్తాలే," అన్నారు ఆయన. మధ్యాహ్నం దాకా తుడిచాను. ఒక మూల తుడిచి ఇంకో మూలకు వచ్చేసరికి మొదటి మూలలో మళ్ళీ సన్నని దుమ్ము పరుచుకునేది. కుట్టు మిషన్ లోపల పట్టలేదు. దాన్ని బయట రేకు కింద పెట్టి గోనెపట్టా కప్పాం.

తోట చూసుకునే మల్లయ్యది జగిత్యాల వైపు పల్లె. యాభై దాటి ఉంటాయి. "కొత్తగ అచ్చిన్రు, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యకు అక్కా," అని కోడికూర వండి, తన గది ముందు చాప వేసి మా ఇద్దరికీ ఓబులేసుకూ వడ్డించాడు. కూరలో కారం ఎక్కువైనా, పొద్దుటి నుంచి తిండి లేదేమో, ఆవురావురుమని తిన్నాను. తింటుంటే మల్లయ్య మామూలుగా అడిగాడు.

"అన్నా, అక్క బతాకకు అడ్రసు యాడిది రాయిస్తున్రు?"

బతాకా అంటే అక్కడ ఉండటానికి మనకిచ్చే కార్డు. ఏటేటా రెన్యువల్ చేయించాలి. నాది జులై నడిమి దాకా ఉంది.

"ఇక్కడిదే కదా," అన్నాను నేను.

"ఈడ ఇంటి నంబరున్న నీలం ప్లేట్ లేదక్కా. కరెంటు మీటర్ లేదు. నాదంటే నన్ను పనికి దెచ్చుకున్న కఫీల్ ఇంటి మీద ఉంటది. ఫ్యామిలీకి ఇంటి కిరాయి కాయితం గావాలె గద? లేకపోతె రెన్యువల్ గాదు."

మా ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "తర్వాత చూద్దాంలే మల్లయ్యా," అన్నారు. ఆ గొంతు వినగానే నాకు అర్థమైపోయింది. ఓబులేసు తలెత్తకుండా గబగబా తినేసి, "నేను పోయొస్తా అన్నా, బాబా పిలుస్తాడు," అంటూ యజమాని మీద వంక పెట్టి లేచాడు.

పికప్ కనుమరుగయ్యాక కారవాన్ మెట్టు మీద కూర్చుని అడిగాను. "మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"జీతం తగ్గించిన రోజునించీ. ఆఫీసులో కనుక్కున్నాను." ఆయన నిలబడే మాట్లాడుతున్నారు. "మన్సూరాలోనే ఉంటే మన దగ్గరున్నది ఇంకో నెలకు మించి రాదు ఉమా. నెల తిరిగేసరికి నిన్ను పంపించేయాలి. ఇక్కడైతే జులై దాకా లాగొచ్చు. నాలుగు నెలలు కలిసి ఉంటాం. అంతవరకే ఆలోచించాను."

"నాకు చెప్పచ్చు కదా."

"చెప్తే నువ్వు వచ్చేదానివా?"

అరవాలనిపించింది. అరిస్తే గోడ అవతల మల్లయ్యకు వినబడుతుంది. లేచి ఆ కంకర నేల మీద చాలా దూరం నడిచాను. ఎంత నడిచినా వెనక్కి తిరిగితే కారవాన్ కనిపిస్తూనే ఉంది, దాని పక్కన ఆయన నిలబడి ఉండటం కనిపిస్తూనే ఉంది. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు కనుక తిరిగొచ్చాను. మన్సూరా గది తాళాలు అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉన్నాయి.

ఆ తర్వాతి వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, కష్టమంతా అదే. పొద్దున్న అయిదుకు మల్లయ్య ఆయన్ని బండిలో తారురోడ్డు దాకా దింపేవాడు, అక్కడ కంపెనీ బస్సు. మళ్ళీ సాయంత్రం అయిదున్నరకు. మధ్యలో పన్నెండున్నర గంటలు నేనొక్కదాన్నే. ఫోన్ సిగ్నల్ నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితేనే వచ్చేది. జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు మొదటి వారం ఫోన్ చేశారు, రెండో వారం మానేశారు. బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం తగ్గించాను. మూడో వారానికి తల దువ్వుకోవడం కూడా మానేశానని, ఓ సాయంత్రం ఆయనే దువ్వెన తీసుకుని వెనక కూర్చున్నప్పుడు గానీ గమనించలేదు. చిక్కులు తీస్తూ ఆయన ఏడ్చారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. నాలుగు నెలలు కలిసుందామని తెచ్చుకున్న మనిషితో ఆయన రోజుకు నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయారు, నేను మాట్లాడనివ్వలేదు.

మే వచ్చింది. జనరేటర్ మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా, మళ్ళీ రాత్రి కాసేపు నడిచేది. మిగతా పొద్దంతా కారవాన్ రేకు పెనంలా కాలేది. ఒక మధ్యాహ్నం జనరేటర్ అసలు అందుకోలేదు. తలుపు తీసి మెట్టు దిగడం వరకే గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి మేకల షెడ్డులో గోనెసంచుల మీద పడుకుని ఉన్నాను, మల్లయ్య నా ముఖం మీద తడిగుడ్డ వేస్తున్నాడు. ఈనబోయే మేకల కోసం ఆ షెడ్డుకు వేరే చిన్న జనరేటర్, కూలర్ పెట్టించాడట తోట యజమాని.

"లెవ్వకు అక్కా. బక్కరీలకు కూలరున్నది, ఈడనే పండుకో. గిట్లయితె నువ్వు బతకవు. అన్నకు నేను చెప్త," అన్నాడు.

చెప్పాల్సిన అవసరం రాలేదు. సాయంత్రం వచ్చి, మేకల మధ్య పడుకున్న నన్ను చూసి ఆయన వచ్చి పక్కనే గోనెసంచి మీద కూర్చున్నారు. "తప్పు చేశాను ఉమా," అన్నారు. అవునన్నాను. మర్నాడు టిక్కెట్ కొన్నారు. ఆ శుక్రవారం ఓబులేసే మమ్మల్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళాడు. షహానియాలో చాయ్ కోసం ఆపబోతే ఇద్దరం వద్దన్నాం.

ఇప్పుడు నేను సామర్లకోటలో మా అక్క ఇంటి పై గదిలో ఉంటున్నాను. ఆయన దోహాలోని నజ్మాలో ఆరుగురుండే గదిలో ఒక మంచానికి అద్దె కడుతున్నారు. వారానికి నాలుగుసార్లు ఫోన్ చేస్తారు. ఏం తిన్నారు, ఏం వండావు, ఎండలెలా ఉన్నాయి. కారవాన్ మాట ఇద్దరం ఎత్తం. ఆయన నన్ను మోసం చేశారని నేననుకోవడం లేదు, కానీ నాకు దక్కాల్సింది ఒకటి దక్కకుండా చేశారు. నిజం చెప్పి ఉంటే నేను మన్సూరాలో ఆ ఒక్క నెలే కోరుకునేదాన్ని. ఫ్యాను కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ, చివరి నెల అని తెలిసి గడిపేవాళ్ళం. అలా కాక, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని ఏడు వారాలు మిగిలాయి. మళ్ళీ ఆ దేశం వెళ్ళే దారి నాకైతే కనబడటం లేదు. ఆయన ఎప్పటికి తిరిగొస్తారో ఆయనకే తెలియదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. ఊళ్ళో గది తాళాలు ఇచ్చేయకముందే, ఆ చోటికి ఇంటి నంబరున్న నీలం పలక ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే మీ వాళ్ళ కార్డు రెన్యువల్ కాదు. చూడటానికి మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఒకరే చూసొచ్చి బానే ఉందంటే నమ్మి మూటాముల్లె సర్దుకోకండి.