కూర్చోవడానికి కర్నూలు ప్రయాణం

బట్టల కొట్టువాడికి కూర్చోవడమే ఉద్యోగం. కమలాపురంలో మా అంగడి పరుపు మీద ముందు మా నాన్న కూర్చున్నాడు, తర్వాత నేను. మూడేళ్ల కిందట తడి గచ్చు మీద కాలు జారి, మోకాలు వంగకుండానే ముందుకు సాగిపోయింది. తొడ వెనక నల్లగా కమిలింది, కూర్చుంటే పిర్ర కింద ఓర్వలేని నొప్పి. అందరూ నరం పట్టిందన్నారు. నేనూ నమ్మి చాలాకాలం నూనెలు రుద్దించుకున్నాను. తీరా స్కానింగు తీస్తే, తొడ కండరాన్ని పిర్ర ఎముకకు పట్టి ఉంచే బంధం తెగి కిందికి జారిపోయిందని తేలింది. అప్పటికే నేను అంగట్లో నిలబడే మనిషినైపోయాను, పరుపు మీద తమ్ముడు కూర్చుంటున్నాడు. కర్నూలులో ఆపరేషనయి మూడు నెలలైంది. కుట్టు నిలిచిందో లేదో చూపించుకోవడానికి నా భార్యతో మళ్లీ బయలుదేరాను. నిలవకపోతే ఇక ఆ పరుపు తమ్ముడిదే. వాడంటే కోపం లేదు గానీ, ఆ మాట తలుచుకుంటే ఏడుపొచ్చేది.

తెల్లవారకముందే కడప చేరి ఆరు గంటల కర్నూలు బస్సు ఎక్కాం. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా ఐదు గంటలకు పైనే. ఒక్కో టిక్కెట్టు రెండు వందల పైచిలుకు. కాసేపు కూర్చోవచ్చని డాక్టరు చెప్పి ఉన్నా, ధైర్యం చాలక కమ్మీ పట్టుకొని నిలబడ్డాను.

“సీటు ఖాళీగా ఉండాది గదప్పా,” అన్నాడు కండక్టరు.

“తొడకు ఆపరేషన్ అయ్యిందప్పా. కూచోవాలంటే భయం.”

“నిలబడితే ఛార్జీ తగ్గదు, చూసుకో మళ్ల.”

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆళ్లగడ్డలో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాం. బండి దగ్గర అందరూ నిలబడే తింటారు కాబట్టి, అక్కడ మాత్రం హాయిగా అనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను బోర్లా పడుకోబెట్టి, మడమతో తన అరచేతిని నెట్టమన్నారు. నెట్టాను. ఇంకా గట్టిగా అన్నారు. నా భార్య కొంగు పిడికిట్లో పట్టుకొని చూస్తోంది.

“పాత దెబ్బ కదా, కండరం కిందికి జారి కాలి నరానికి అతుక్కుపోయింది. విడదీసి, పైకి లాగి ఎముకకు కుట్టాం. ఆ రోజు నాకే అనుమానం. ఇప్పుడు బాగా పట్టుకుంది,” అన్నారాయన. “పరుగు సంగతి మాత్రం చెప్పలేను.”

“పరుగెత్తి యాడికి పోవాల సార్? అంగట్లో కూచుంటే చాలు.”

“ముందు కుర్చీలో. కింద కూర్చోవడం మెల్లగా అలవాటు చేసుకోండి.”

తిరుగు బస్సులో దూది దిండు వేసుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. నంద్యాల దాటేదాకా బిగుసుకునే ఉన్నాను. కళ్లు తెరిచేసరికి కడప బస్టాండు.

“మైదుకూరులో టీకి లేపుదామనుకుంటి,” అంది నా భార్య. “కూచోని నిద్రపోతాంటిరి. లేపబుద్ధి కాలేదు.”

ఈ మూడేళ్లలో పోయింది నా పరుపొక్కటే అనుకున్నాను. పెళ్లిళ్లలో, సినిమా హాల్లో, ఎక్కడికెళ్లినా వెనక గోడ దగ్గర నా పక్కన ఆమె కూడా నిలబడే ఉందని ఆ బస్సు దిగుతుంటే తట్టింది. మీకెవరికైనా కాలు జారి తొడ వెనక కమిలి, కూర్చుంటే నొప్పి పెడుతుంటే, నూనె సీసా వెతక్కముందే ఎముకల డాక్టరు దగ్గరికి బస్సెక్కండి.