నరేంద్రబాబు చేత నిజం కక్కించిన పెంచలమ్మ

విడవలూరు అవతల, సముద్రం ఒడ్డు పల్లెలో పెంచలమ్మది పెద్ద కంపెనీ, చిన్న కంపెనీ రెండింటి సిమ్‌కార్డులూ అమ్మే అంగడి. మొగుడు పోయినాక ఆమెకు ఆ అంగడే దిక్కు. చిన్న కంపెనీ సిగ్నలు పడవల మీదికి బాగా అందుతుందని వేటకు పోయేవాళ్లంతా ఆ సిమ్మే అడిగేవాళ్లు. ఆమె అమ్మేది. పెద్ద కంపెనీ డీలరు నరేంద్రబాబుకు అది కంట్లో నలుసైంది. "మా సరుకు అమ్మేచోట ఇంకోడి సరుకు ఉండకూడదక్కా," అని నవ్వతానే చెప్పి, సరుకు ఆపేసినాడు. ఊళ్లో సగం మందివి పెద్ద కంపెనీ నంబర్లే. రీఛార్జి చేయని అంగడికి ఎవరొస్తారు? తలుపులు మూసి, పెంచలమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుంది.

కడుపు రగిలిపోయింది. ఊరికే ఉండే మనిషా? వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఇట్లా అంగళ్లకు సరుకు ఆపతాందని పెద్ద కంపెనీ మీద చిన్న కంపెనీ ఢిల్లీలో ఫిర్యాదు పెట్టిందని, వాళ్ల లాయరు లిల్లీ నెల్లూరులోనే ఉందని కనుక్కుని బస్సెక్కింది.

లిల్లీ ఆమెకు తెలిసేట్టు చెప్పింది. "చెరువులో చేపల పాట పాడుకున్నట్టే, కంపెనీలు సర్కారు దగ్గర గాలిలో తరంగాలు పాడుకుంటాయమ్మా. ఎక్కువ పాడుకున్నోడు ఎక్కువ పట్టుకోవచ్చు. అంతేగానీ పక్కోడి వలలు కోయకూడదు. కోసినాడని తేలాలంటే లోపలి మనిషి సాక్ష్యం కావాలి. నీ ఒక్కదాని మాట చాలదు."

లోపలి మనిషంటే నరేంద్రబాబే. వాడి నోటితోనే చెప్పించాలని ఒట్టు పెట్టుకుంది పెంచలమ్మ.

అదును దానంతట అదే వచ్చింది. పెద్ద కంపెనీ ఆ ఒడ్డున టవరు వేయాలని, చోటు చూపించే పని నరేంద్రబాబు నెత్తిన పెట్టింది. తుఫానుకు మునగని దిబ్బ ఊరికి ఒక్కటే. వాడు పోయి మగపెద్దలకు దండం పెట్టి మాట తీసుకున్నాడు. అక్కడే తప్పులో కాలేసినాడు. ఆ ఊళ్లో పడవలూ వలలూ మగవాళ్ల మాట, చేపలు ఎండబోసే దిబ్బ ఆడవాళ్ల మాట. ఆ ఆడవాళ్లకు పెద్ద పెంచలమ్మ.

మిట్టమధ్యాహ్నం దిబ్బ మీదికి వచ్చినాడు. ఆమె చేపలు తిప్పతా తలెత్తలేదు.

"టవరొస్తే ఊరికి మంచిది గదక్కా."

"మంచిదే అబ్బయా. నిలబడు, ఎండ తగలనీ."

"నీకేం కావాల?"

"నా అంగడికి సరుకు ఆపమన్నది ఎవరో ఆ ఢిల్లీ ఫిర్యాదు విచారణలో చెప్పు. దిబ్బ తీసుకో."

"చెప్తే నా డీలర్‌షిప్పు పోద్ది."

"టవరు రాకపోయినా పోద్దంట గదా. మీ ఇంట్లో చేపలు పోసేటప్పుడు నీ పెళ్లామే చెప్పి ఏడ్చింది."

వాడి మొహం నల్లబడింది. టవరు నిలబెడితే కంపెనీ తనను వదులుకోదులే అన్న ఆశతో ఒప్పుకున్నాడు. సరుకు ఆపమన్నది కంపెనీలో తన పైవాడేనని విచారణలో ఉన్నదున్నట్టు చెప్పినాడు. టవరు లేచింది. లేచినాక కంపెనీ వాడి బోర్డు పీకేసింది.

"ఇప్పటికైనా కడుపు చల్లబడిందా వదినా?" అని అడిగింది పక్కింటి మస్తానమ్మ.

"వాడు పైవాడు చెప్పినట్టు చేసినోడే. ఆ చెప్పిన పైవాడు ఇంకా ఏసీ గదిలో కూసోనుండాడు."

తర్వాతి విచారణకు ఢిల్లీ రైలెక్కతా, తోడొస్తానన్న మస్తానమ్మను వద్దనింది. "నువ్వు జాలిపడే మనిషివి. ఇంట్లో ఉండు."