గౌలిపుర పాలబండి రేడియేటర్

1938 ఎండాకాలంలో, ఫిట్టర్ నుంచి మిస్త్రీనైన రెండో నెలలో, నన్ను గౌలిపురలోని ఒక పాలవాళ్ల ఇంటికి పంపారు. పని ఒక్క ముక్కలో చెప్పారు: బండి మరుగుతున్నదట, చూసి రా.

మా మోటారు షెడ్డు హుస్సేనీ ఆలంలో ఉండేది. అందరికన్నా పైన దస్తగీర్ ఉస్తాద్, ఆయన కింద ఇద్దరు మిస్త్రీలు, వాళ్ల కింద ఫిట్టర్లు. చెప్పిన బోల్టు విప్పేవాడు ఫిట్టర్. ఏ బోల్టు విప్పాలో చెప్పేవాడు మిస్త్రీ. పదకొండేళ్లు విప్పి విప్పి, ఆ ఎండాకాలంలోనే నేను చెప్పేవాణ్ణయ్యాను. మూడో తరగతితో బడి మానేసిన నాకు అది చిన్న మెట్టు కాదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానిలో ఆ గర్వానికీ వాటా ఉంది.

బండి సంగతి చెప్పాలి. అది అప్పటికే పన్నెండేళ్ల పాతది. ఒక నవాబుగారి దేవిడీలో, అంటే భవంతిలో, ఆడవాళ్ల కోసం కిటికీలకు పరదాలు కట్టి తిప్పిన మోటారు బండి. దేవిడీ వాళ్లు కొత్తది తెచ్చుకున్నాక గౌలిపుర మల్లేశం దీన్ని కొన్నాడు. వెనక సీటు పీకించి, ఆరు పాల క్యాన్లు కదలకుండా నిలబడేట్టు చెక్క పలకలు వేయించాడు. పొద్దున పిండిన పాలను ఎండ ముదరకముందే మూసీ దాటించి అవతలి హోటళ్లకు చేర్చడం దాని పని. బండితోపాటే దాని డ్రైవర్ యూసుఫ్ భాయ్ కూడా దేవిడీ వదిలి మల్లేశం దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆ ఒక్క బండి తప్ప మరొకటి నడిపి ఎరగడు.

బండి మరగడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆ కాలపు ఆ బండికి నీళ్లు తోసే పంపు లేదు. ఇంజిన్‌లో కాగిన నీళ్లు వాటంతట అవే పైకి లేచి, ముందున్న రేడియేటర్ పైతొట్టిలోకి వస్తాయి. అక్కడినుంచి సన్నటి గొట్టాల్లో దిగుతూ గాలికి చల్లారి, కింది నుంచి మళ్లీ ఇంజిన్‌లోకి పోతాయి. పొయ్యి మీది ఎసరు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి తిరిగినట్టే. ఆ దారిలో ఎక్కడ అడ్డం పడినా ఎసరు పొంగి మూత తన్నుతుంది.

చూసే వరస కూడా మాకు నేర్పారు. ముందు నీళ్ల మట్టం. తర్వాత ఎక్కడైనా కారుతున్నదా అని. తర్వాత పంఖా తిప్పే పట్టా వదులైందా, రబ్బరు గొట్టాలు లోపలికి నొక్కుకుపోయాయా అని. తర్వాత స్టీరింగు కింద నిప్పురవ్వను ముందూ వెనకా జరిపే చిన్న మీట. రవ్వ ఆలస్యంగా పడితే ఇంజిన్ ఉత్తపుణ్యానికి వేడెక్కుతుంది. అన్నీ వరసగా చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి అడుగు కాక్ తిప్పి నీళ్లు వదిలాను. తెల్లగా, కలిగంజిలా దిగాయి.

"సున్నం," అన్నాను. పాతబస్తీ బావుల నీళ్లలో సున్నం ఎక్కువ. కాగి కాగి గొట్టాలకు పొరకడుతుంది. దానికి మందు బట్టల సోడా. వేడినీళ్లలో సోడా కలిపి నింపి, ఇంజిన్ అరగంట తిప్పి వదిలేశాను. మంచినీళ్లు నింపాక బండి గడియసేపు తిరిగినా మరగలేదు.

నేను చేతులు కడుక్కుంటుంటే మల్లేశం తల్లి ఎల్లవ్వ వాకిట్లోకి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. ఇరవై బర్రెల ఇంటికి ఆమే పెద్ద. ఏమైందని అడిగింది. లోపల వేడి ఎక్కువైందని చెప్పాను. "నేననుకున్న గట్లనే," అని లోపలికి పోయింది. నేను ఇంకొక్క మాట అడగలేదు.

మల్లేశం మాత్రం వదల్లేదు. "గింత సున్నం ఎందుకు పట్టింది మిస్త్రీ?" అన్నాడు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "నీళ్లు సరిగ చూసుకోకుంట నడిపినట్టున్నరు మల్లేశమన్నా," అన్నాను. యూసుఫ్ భాయ్ పక్కనే దీపం అద్దం తుడుస్తున్నాడు. తుడిచే చెయ్యి ఒక్కసారి ఆగింది. మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఎనిమిదో రోజు బండి మూసీ వంతెన నయాపూల్ మీద ఆగింది. రేడియేటర్ నుంచి ఆవిరి లేచింది. వెనక జట్కావాళ్ల లొల్లి. చల్లారేదాకా ఆగేసరికి ఎండ నడినెత్తికొచ్చి, ఆరు క్యాన్ల పాలూ విరిగిపోయాయి. మల్లేశం మా షెడ్డుకు వచ్చి, ఉస్తాద్ ముందు నన్ను మెచ్చుకున్నాడు.

"మీ మిస్త్రీ అప్పుడే పట్టిండు ఉస్తాద్. డ్రైవర్‌దే తప్పు. జుమ్మా దాక ఉండి, శనివారం సంది రావద్దని చెప్పిన."

ఇంజిన్ పాడుచేశాడన్న పేరుతో వెళ్లగొట్టిన యాభై ఏళ్ల డ్రైవర్‌ను ఈ ఊళ్లో మరొకరు పెట్టుకోరు. అది నాకూ తెలుసు, ఉస్తాద్‌కూ తెలుసు. మల్లేశం పోయేదాకా ఆగి ఉస్తాద్ నన్ను పిలిచాడు.

"సున్నం ఎన్ని దినాలకు పడ్తదిరా నర్సింగ్?"

"ఆర్నెల్లకు, ఏడాదికి ఉస్తాద్."

"మరి సోడాతోటి కడిగిన ఎనిమిది దినాలకే ఎట్ల పట్టింది?"

నేను వేళ్ల మీద దినాలు లెక్కపెట్టాను. ఎనిమిదే.

"నీళ్లు చూసుకోకుంట నడిపిండంటివి. చూసుకోనిది నువ్వు కండ్లతోటి చూసినవా?"

"లేదు ఉస్తాద్."

"చూడకుంట చెప్పేటోణ్ణి మిస్త్రీ అనరు బేటా. ఝూటా గవా అంటరు."

ఝూటా గవా అంటే దొంగసాక్షి. ఆయన గట్టిగా అనలేదు. పానా తుడుచుకుంటూ అన్నాడు. అందుకే నాకు ఇంకా గుర్తుంది. తర్వాత పని చెప్పాడు: జుమ్మా, అంటే శుక్రవారం రోజు, పాలు పిండే వేళకే అక్కడికి పో, బండి పక్కనే కూర్చో, దాని దగ్గరికి ఎవరొచ్చినా చూడు. "పహ్లే పూఛో, ఫిర్ ఖోలో," అన్నాడు. ముందు అడుగు, తర్వాత విప్పు. షెడ్డులో అది పాత మాటే. నేను దాన్ని బోల్టుల గురించి అనుకున్నాను.

శుక్రవారం తెల్లవారేసరికి గౌలిపురలో ఉన్నాను. యూసుఫ్ భాయ్ నన్ను చూసి, సలాం చెప్పి, రెండు బిందెల నీళ్లు తెచ్చి బండి పక్కన పెట్టాడు. అంటే నీళ్లు చూసుకునే మనిషే. తర్వాత కొట్టం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరి కోసమో ఆగినట్టున్నాడు.

కాసేపటికి ఎల్లవ్వ వచ్చింది. తల తడి ఇంకా ఆరలేదు. బండి ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. కొంగుతో రేడియేటర్ మూత తిప్పి తీసింది. చేతిలో ఉన్న చెంబులో అప్పుడే పిండిన పాలు, నురగ కూడా అణగలేదు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ, చెంబెడు పాలూ రేడియేటర్‌లో పోసింది. మూత పెట్టి దండం పెట్టుకుంది. అప్పుడు యూసుఫ్ భాయ్ గోడ దగ్గరినుంచి కదిలి, మిగిలిన ఖాళీలో నీళ్లు నింపాడు.

ఏమిటిదని అడిగితే ఎల్లవ్వే చెప్పింది. పాలవాళ్ల ఇంట్లోకి కొత్త బర్రె వచ్చినా, కొత్త కుండ వచ్చినా మొదటి పాలు దానికి పోయడం ఆనవాయితీ. బండి వచ్చిన రోజు కూడా అట్లే పోశారు. ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం పోసింది. బండి వేడెక్కుతున్నదని తెలిశాక, పాలు చలువ కదా అని రోజూ పోయసాగింది. బండి ఎంత మరిగితే అంత ఎక్కువ పోసింది. నేను వేడి అని చెప్పి పోయినప్పటినుంచి ఒక్క పొద్దు కూడా తప్పలేదు.

పెద్దమనిషి మొక్కును తప్పని ఎట్లా చెప్పను? అందుకని, "అవ్వా, జర నిలబడు, దీన్ని విప్పి చూస్త," అన్నాను. ఆ పూట పాలు జట్కాలో పోయాయి. ముందు ఇంజిన్ నడిపించి, రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి మెల్లగా జరిపాను. ఇది ఉస్తాద్ నేర్పిన పరీక్ష. గొట్టాల్లో నీళ్లు పారుతున్న చోట చెయ్యి కాలుతుంది, పారని చోట చల్లగా తగులుతుంది. పైన కాలింది. నడుమ నుంచి కింది దాకా సగానికి సగం చల్లగా ఉంది. అంటే సగం గొట్టాలు మూసుకుపోయాయి.

చల్లారాక రేడియేటర్ ఊడదీసి, తలకిందులు చేసి తట్టాను. పళ్లెంలోకి తెల్లటి ముద్దలు రాలాయి. కొన్నిటి అంచులు ఎర్రగా మాడి ఉన్నాయి. ఎల్లవ్వ వంగి ఒక ముద్ద తీసింది. వేళ్ల మధ్య నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది సున్నం గాదు బిడ్డా. అడుగంటిన పాలు."

డెబ్బై ఏళ్లు పాల మధ్య బతికిన మనిషికి ఆ వాసన ఒకరు చెప్పాల్సిన పని లేదు. నాకెందుకు తెలియలేదంటే, ఆ వాకిలి, ఆ బండి, ఆ మనుషులు అన్నీ పాల వాసనే. పాలవాళ్ల ఇంట్లో పాల వాసన వస్తే ఎవరు పట్టించుకుంటారు?

ఆమె నావైపు చూసింది. "మోటార్లకు డాక్టర్‌వంట. ముక్కు ఇంటికాడ పెట్టొచ్చినవా?" అంది. నవ్వలేక నవ్వాను. తర్వాత కొడుకును కేకేసింది. మల్లేశం వచ్చాడు. పళ్లెం అతని ముందుకు తోసింది.

"బండిని పాడుచేసింది యూసుఫ్ గాదురా. నేను. పొమ్మంటే నన్ను పొమ్మను."

మల్లేశం పళ్లెం వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూశాడు. "నువ్వు పోతే బర్లు ఎవరు చూస్తరే?" అన్నాడు చివరికి. అంతే, శనివారం మాట మళ్లీ రాలేదు.

ఆమె యూసుఫ్ భాయ్ వైపు తిరిగింది. "నువ్వు దినాం చూస్తనే ఉన్నవ్ గదా. ఒక్క మాట చెప్తే ఏం పోయింది?"

"అమ్మా, మీరు కండ్లు మూసుకొని దేవుణ్ణి తల్సుకుంట పోస్తుంటే, నడుమ నేనేమని అడ్డమొస్త? చెంబెడు పాలకు బండి గింత పని జేస్తదని నాకు మాత్రం ఏం ఎరుక?"

అతను ఆ ఇంట్లో జీతానికి ఉన్న మనిషి. వాళ్ల మొక్కు వేరు, అతని నమాజు వేరు. ఆ మొక్కు మీద నోరెత్తడం కన్నా తన మీద వచ్చిన మాట మోయడమే మర్యాద అనుకున్నాడు. అప్పుడు నేను మల్లేశం వినేట్టే అన్నాను: "యూసుఫ్ భాయ్, ఆనాడు నేనన్న మాట తప్పు. చూడకుంట అన్న." అతను గుడ్డ భుజాన వేసుకుని, "గది ఇడిశిపెట్టు మిస్త్రీ సాబ్. బండి మంచిగైతదా, గాదా? అది చెప్పు," అన్నాడు.

అయింది. సోడా నీళ్లు మూడుసార్లు మార్చి కడిగాం. పాల క్యాన్ల అడుగు రుద్దే సన్నటి చీపురుపుల్లలు తెచ్చి ఎల్లవ్వే ఒక్కో గొట్టంలో దూర్చింది; ఆ పని ఆమెకు నాకన్నా బాగా వచ్చు. మొక్కు మానాలా అని ఆమె అడిగితే, మానొద్దు, ముందరి చక్రం మీద పొయ్యవ్వా అన్నాను. "చక్రానికి పోస్తే పిల్లులు నాకుతయి," అన్నాడు యూసుఫ్ భాయ్. "నాకనియ్, గది కూడ పుణ్యమే," అంది. ఆ బండి తర్వాత మరగలేదు. యూసుఫ్ భాయ్ కళ్లు సహకరించినన్నాళ్లూ దాన్ని నడిపాడు.

నేను ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఈ పని చేశాను. ఆ రోజు ఎల్లవ్వ తప్పును కప్పిపుచ్చుకుని ఉంటే, యూసుఫ్ భాయ్ నా మాట మనసులో పెట్టుకుని ఉంటే, ఉస్తాద్ నన్ను తిరిగి పంపకపోయి ఉంటే, నా తప్పు ఒక మనిషి తిండి తీసేది. నేను అదే తీరుగా ముసలివాణ్ణయ్యేవాణ్ణి. ఆ ముగ్గురికీ నేను రుణపడ్డాను. నేర్చుకున్నవి మాత్రం రెండే. బండి మరుగుతున్నదని ఎవరొచ్చినా, మూత ఎత్తకముందే, ఇందులో ఎవరెవరు ఏమేం పోస్తారని అడిగేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్లు, ఒకరిద్దరు జవాబు చెప్పేముందు తల గోక్కునేవాళ్లు. రెండోది, చెడగొట్టింది ఏమిటో చేతిలోకి వచ్చేదాకా, చెడగొట్టింది ఎవరో నేను ఏనాడూ చెప్పలేదు.