కమలాపురంలో నా గొంతు

మా తాతగారి కుర్చీ ఇప్పుడు మైదుకూరులో, నేను అద్దెకుంటున్న రెండు గదుల ఇంట్లో ఉంది. ఇల్లు మారిన రోజు అది గుమ్మంలో పట్టలేదు. కుర్చీ చేతులు కొంచెం కోస్తే లోపలికి పోతుందన్నాడు వడ్రంగి. గుమ్మం ఊడదీయమన్నాను. ఇంటి యజమాని ఇప్పటికీ ఆ సంగతి నలుగురికీ చెప్పి నవ్వుతుంటాడు. నవ్వనివ్వండి. పొలాలు పోయాయి, మేడ పోయింది, కుర్చీ చేతులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ కుర్చీలో కూర్చునే తాతగారు ఊరి తగవులు తీర్చేవారు. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా, నీ కంటితో చూసినావా అని అడిగేవారు. విన్నానంటే, చూసినవాణ్ణి పిల్చుకొని రమ్మని పంపేసేవారు. సగం తగవులు అక్కడితో ఆగిపోయేవి. మా ఇంట్లోవాళ్లే ఎవరినైనా తప్పు మాట అంటే, అది విన్నవాళ్లందరి ముందూ నిలబడి వెనక్కి తీసుకోవాలి. ఒకసారి తాతగారే ఒక కుమ్మరి ఇంటి ముందు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారట. ఈ రెండు పద్ధతుల గురించి నేను ఎంతమందికి చెప్పానో నాకే తెలియదు. పెళ్లిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, పన్ను పీకే డాక్టరుకు కూడా నోరు తెరవబోయే ముందు చెప్పాను.

వార్డు ఎన్నికలు వచ్చాయి. నేతగాళ్ల వీధిలో ఒకామె ఏ పార్టీ లేకుండా నామినేషన్ వేసింది. యాభై ఏళ్ల మనిషి, మగ్గం మీద చీరలు నేస్తుంది. మా ఇంటి పెళ్లిచీరలు వాళ్ల తాతే నేసేవాడు. ఆమె నిలబడటం ఒక పార్టీవాళ్లకు నచ్చలేదు. వాళ్ల మనిషి ఒకడు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచాడు. ప్లాస్టిక్ కుర్చీ చూపిస్తే, ఈ కుర్చీ ఎదురుగా నేను కూర్చునేదా సామీ అని చాప మీద చతికిలబడ్డాడు. చాలా ఏళ్లుగా నన్ను ఏదైనా అడగడానికి మనిషంటూ మా ఇంటికి రాలేదు. వెన్ను దానంతటదే నిటారుగా అయిపోయింది.

ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. రేకుల షెడ్డులో వరసగా మరమగ్గాలు దడదడా ఆడుతున్నాయి. కింద ఆమె ఫొటో. చేనేత అని చెప్పి ఆమె అమ్మేది ఈ చీరలేనట. తాను చెబితే ఊరు నమ్మదని, నా గొంతు అయితే నమ్ముతుందని బతిమాలాడు. ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. గొంతు సవరించుకుని, ఫలానా ఇంటి మనవణ్ణి మాట్లాడుతున్నానని మొదలుపెట్టి, ఈ మోసం నా కళ్లతో చూశానని ముగించాను. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. చూశాను కదా, ఫోన్లో.

పోతూ పోతూ అతను ఆ వీడియోనూ నా మాటలనూ నా ఫోన్‌కూ పంపి, నా కాళ్లకు దండం పెట్టాడు. నేనూ తెలిసినవాళ్లందరికీ పంపాను. ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

మూడో రోజు పొద్దున ఆ నేతామె వచ్చింది. చేతిలో గుడ్డసంచి, అందులో పది చీరలు. కమలాపురంలో బట్టల కొట్టు ఉన్న సాయిబు, ఆమె సరుకంతా కొనే మనిషి, వాటిని వెనక్కి పంపేశాడు. ఎల్లుండి సాయంత్రంలోగా నామినేషన్ వెనక్కి తీసుకుంటే గొడవ తగ్గుతుంది, చీరలన్నా అమ్ముడుపోతాయని మొగుడు పోరుతున్నాడట. ఇవన్నీ గుమ్మం దగ్గరే నిలబడి, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. చివర్లో మాత్రం నా ముఖం చూసి అడిగింది.

"నా మగ్గం యాడుండాదో చెప్పండి సామీ."

నాకు తెలియదు. ఆ వీధిలో నేను అడుగుపెట్టి ఇరవై ఏళ్లయింది.

"కండ్లతో చూసినానని చెప్పినారు కదా. యాడుండాదో తెలీకుండా యాట్ల చూసినారు?"

చేతికర్ర తీసుకుని ఆమె వెనకే నడిచాను. ఇంట్లో సగం మగ్గమే. నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని ఆమె కూర్చునే చోటు, పక్కన గోడకు దేవుడి క్యాలెండరు. మరమగ్గం కాదు కదా, ఇంకో మనిషి పట్టడమే కష్టం. నేస్తున్న చీర అంచు నా వైపు తిప్పి, వేలితో నిమిరి చూడమంది. రెండు అంచుల వెంటా సూదితో గుచ్చినట్టు సన్నని రంధ్రాలున్నాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక బద్ద బిగిస్తారు. దాని కొనలకున్న ముళ్ల గుర్తులవి. నా చిన్నప్పుడు మా అమ్మ పెట్టెలో చీరలకు ఇలాంటివి చూసి చిమట కొట్టిందనుకునేవాణ్ణి.

అక్కడే నిలబడి నా ఫోన్లో ఆ వీడియో మళ్లీ పెట్టాను. మొదటిసారి సగంలోనే ఆపేసి మాట్లాడటం మొదలుపెట్టాను కాబట్టి, దాని చివర నేను చూడనేలేదు. చివర్లో షెడ్డు గోడ మీద ఒక బోర్డు కనిపించింది. అక్షరాలు తెలుగూ కాదు, కన్నడమూ కాదు. ఎక్కడి షెడ్డో, ఏ రాష్ట్రమో. ఆమె ఫొటో మాత్రం నామినేషన్ రోజున ఎవరో తీసింది.

క్షమించమనడానికి నోరు తెరిచాను. ఆమె వద్దంది.

"నాకు చెప్తే ఏమొస్తాది సామీ? నేను మోసం చేయలేదని నాకు తెలుసు. ఆ మాట ఇన్నోళ్లకు చెప్పండి."

మా తాతగారి పద్ధతి ఆమె నాకే చెబుతోంది. మర్నాడు ఆమె సంచి నేనే తీసుకున్నాను. మా వంశంలో బస్సులో మూట మోసిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. మైదుకూరు నుంచి కడపకు, కడప నుంచి కమలాపురానికి ఆ సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. పక్క సీటాయన, చీరలు ఎంతకిస్తావు తాతా అని రెండుసార్లు అడిగాడు.

కమలాపురం కొట్టులో సాయిబు స్టూలు వేసి, టీ తెప్పించాడు. ఆ నేతామె చీరలని చెప్పగానే తల అడ్డంగా తిప్పాడు. ఆమె మీద తనకు కోపం లేదనీ, ఇంత పెద్దమనిషి చెప్పాక కొనేవాళ్లు అనుమానపడతారనీ అన్నాడు. ఫోన్ తీసి వినిపించాడు. కొట్టులో చీరలు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లూ చెవి ఒగ్గారు. ఫలానా ఇంటి మనవణ్ణి మాట్లాడుతున్నాను. టీ గ్లాసు పట్టుకుని నా గొంతు నేను మొత్తం విన్నాను. బాగుంది కూడా. అదే బాధ.

"ఎవురో గాని పెద్దాయనా, గొంతులో శానా దర్జా ఉండాది. ఇట్లాటాయన అబద్ధం చెప్పడు" అన్నాడు సాయిబు.

"ఆ గొంతు నాదే భాయ్" అన్నాను.

అతను నమ్మలేదు. సంచి మోసుకొచ్చిన మనిషి ఆ గొంతుకు సరిపోలేదు కాబోలు. అందులోని మొదటి వాక్యం మళ్లీ అన్నాను. ఆడవాళ్లు బేరం ఆపేశారు. చీర విప్పి అంచు మీద రంధ్రాలు చూపించాను. అతను నవ్వాడు. ఆ రంధ్రాలు తనకు తెలుసనీ, ముప్పై ఏళ్లుగా అవి చూసే కొంటున్నాననీ, నా మాట విన్నాక మాత్రం విప్పి చూడాలనిపించలేదనీ చెప్పాడు. అరచేతిలో ఉన్న చీరకన్నా ఫోన్లో గొంతు అతనికి పెద్దదైంది. అతన్ని అనడానికి నాకేం హక్కుంది?

మళ్లీ చెప్తానని ఫోన్ అడిగాను. ఈసారి ఎంతో గంభీరంగా, ఫలానా విషయంలో ఒక పొరపాటు జరిగిందని చెప్పాను. సాయిబు వేలు అడ్డం పెట్టి ఆపేశాడు.

"జరిగిందంటే యాట్ల పెద్దాయనా? వానమాదిరి అదే పడిందా?"

ఆడవాళ్లలో ఒకామె నవ్వుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టాను. ఇంటి పేరు చెప్పాను, తాతగారి పేరు చెప్పాను, ఇంకేం చెబుదామా అని వెతుక్కున్నాను. చివరికి తలకు చుట్టుకున్న టవలు తీసి ఒళ్లో పెట్టుకుని, నేను చూడలేదు, చూశానని చెప్పాను, తప్పు నాది అన్నాను. అంతే. తర్వాత చీరల గురించి, బోర్డు మీది అక్షరాల గురించి మాటలు వాటంతటవే వచ్చాయి.

మొదటి సందేశాన్ని తాను ఎవరెవరికి పంపాడో వెతికి, వాళ్లందరికీ ఒక్కొక్కరికే దీన్ని పంపాడు సాయిబు. నేనూ నా ఫోన్లో అదే పని చేశాను. కొందరు తెరిచి కూడా చూడలేదు. పార్టీ మనిషి విన్నాడు, జవాబివ్వలేదు. రెండో మాటకు మొదటిదానికున్నంత కాలిబలం లేదని ఆ రోజే తెలిసింది. అందుకే వినని వాళ్ల దగ్గరికి తర్వాతి వారమంతా నడిచే వెళ్లాను. మోకాళ్లు ఇప్పటికీ గుర్తు చేస్తుంటాయి.

పది చీరలూ సాయిబు ఉంచుకున్నాడు, ఇంకో ఆరు నేయమని చెప్పాడు. ఖాళీ సంచి ఆమె గుమ్మానికి తగిలించి ఆ సంగతి చెప్పాను. నామినేషన్ ఆమె వెనక్కి తీసుకోలేదు. గెలవలేదు కూడా. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు పొద్దున్నే మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

కొన్నాళ్లకు ఆ పార్టీ మనిషి మళ్లీ వచ్చాడు, ఇంకో వీధి గురించి ఇంకో వీడియోతో. నీ కంటితో చూసినావా అని అడిగాను. చూశానని ఫోన్ ఎత్తాడు. అది పక్కన పెట్టి, పోదాం పద, నడిచే దూరమే అన్నాను. పనుందని చెప్పులేసుకున్నాడు.

నాకు ఇంకో సందేశం కూడా వచ్చింది. నేతామెకు ఢిల్లీలో ఏదో పెద్ద అవార్డు ఇస్తున్నారని, దండ వేసిన ఫొటోతో సహా. మంచి వార్తే కదా, నలుగురికీ పంపుదామని వేలు పెట్టాను. పెట్టి, తీసేసి, ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె ఫోన్ చూసి, ఢిల్లీ యాడుండాదో కూడా తెలియదు సామీ అంది. చేతి పని ఆపలేదు.

"అబద్ధమా?" అన్నాను.

"మంచి అబద్ధం. పంపేకి శానా ఆశపుట్టింటాదే మీకు?"

అవునన్నాను. అక్కడ కుర్చీ లేదు. మగ్గం పక్కన ఉన్న నాపరాయి బండ మీద కూర్చున్నాను.