మా కాంటెస్సాకు జరిగిన ఉపకారం

ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. మా పాత కాంటెస్సా కారుకు కార్బరేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టడానికి ఏడాదిగా నా ఆదివారాలన్నీ ధారపోశాను. పోయిన వారమే సెల్ఫ్ కొట్టగానే స్టార్టవడం మొదలెట్టింది. డోరు సొట్ట తీయమని నిన్న కొవ్వూరులో ఒక షెడ్డులో ఇచ్చాను. ఈ సాయంత్రం వెళ్ళి బానెట్ ఎత్తి చూశాను. ఇంజెక్షన్ లేదు. గుర్తుగా డిక్కీలో దాచుకున్న పాత కార్బరేటర్ దాని స్థానంలో దర్జాగా కూర్చుని ఉంది.

“ఇదేంటండీ?” అన్నాను.

“మిమ్మల్నెవరో మోసం చేశారండి. కార్బరేటర్ పీకేసి ఏవేవో వైర్లు చుట్టేశారు. అవన్నీ కత్తిరించేసి, మీది మీకు బిగించేశానండి. దీనికేం ఇవ్వక్కర్లేదు లెండి,” అన్నాడు మెకానిక్, నా మీద జాలితో.

నా ఏడాది కష్టం ముక్కలైన వైర్లతో సహా ఒక గోనెసంచిలో పడి ఉంది. ఆ కోపంలో గొంతు చించుకుని అరిచాను.

“మీకు బుద్ధుందాండీ?”

“ఉందండి,” అన్నాడు.

రేపు పొద్దున్నే మళ్ళీ ఆ షెడ్డుకు వెళ్తున్నాను. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో ‘అండి’ లేకుండా తిట్టడం వచ్చినవాళ్ళెవరైనా ఉంటే, ఈలోగా నాకు కాస్త నేర్పండి.