మామ తుపాకీకి అత్త తగ్గించిన మందు

మా అత్తగారిది చిత్తూరు దగ్గర పల్లె. శనక్కాయ చేలోకి అడవిపందులు వస్తాయి కాబట్టి మామ దగ్గర లైసెన్సున్న పాత నాటు తుపాకీ ఒకటి ఉంది. గొట్టంలో తుపాకిమందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుండు దించి కాల్చాలి. పందుల్ని చంపడు, గాల్లోకి పేల్చి తరుముతాడు. గురి సరదా మాత్రం మట్టిగట్టుకు ఆనించిన పాత కుండ మీద తీర్చుకుంటాడు.

నేను తిరుపతిలో ఒక ఆస్పత్రిలో నర్సును. సెలవు దొరికినప్పుడల్లా పల్లెకు వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ కుండ చెక్కుచెదరకుండా కనిపించేది. చుట్టూ గట్టు మాత్రం గుంటలు పడి ఉండేది.

"మందు సాల్లేదు మా. వేగముంటేనే గుండు నేరుగా పోతాది" అనేవాడు మామ. ఇత్తడి కొలతగిన్నెలో గోపురంలా మందు పోసేవాడు. పేలిందంటే పొగలో మనిషి కనపడడు. పొగ తేలాక భుజం రుద్దుకుంటూ బయటపడేవాడు. కళ్ళలో శుక్లాలున్నాయి, ఆపరేషన్ చేయించుకోమంటే వినడు. అత్త గోల వేరే. ఆ చప్పుడు విన్న రోజు గేదె పాలు చేపదు.

మొన్న వెళ్ళేసరికి కుండ నడుమ బొక్క ఉంది. పక్కన ఇంకో కుండ పెంకులైపోయి ఉంది.

"సూడు! ఈ కంటికా నువ్వు ఆపరేషన్ సేయిస్తానంటివి?" అన్నాడు మామ.

తుపాకులు బాగుచేసే భాయ్ కూడా ఆ రోజు చిత్తూరు నుంచి వచ్చి ఉన్నాడు. మామకు చిన్ననాటి స్నేహితుడు. "నీ కన్ను కాదప్పా, నా పనితనం. గొట్టం తోమింది ఎవరనుకున్నావు?" అని మీసం దువ్వాడు.

వంటింట్లో అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఏమిటని అడిగితే నా చెవిలో చెప్పింది. "మందు కొలిచే గిన్నె కడిగి, అడుగున కొవ్వొత్తి కరిగించి పోసినాను. సప్పుడు తగ్గితే సాలనుకున్నా. గురి కుదురుతాదని నాకేం తెలుసు?"

మైనం మందు మసికి నల్లబడి గిన్నెలో కలిసిపోయిందట. మామ మాత్రం రోజూ గోపురం కట్టే పోస్తున్నాడు.

బయట భాయ్ ముందు మామ మళ్ళీ పేల్చాడు. కుండ పగిలింది. భాయ్ మాత్రం కుండను చూడలేదు, చెవి నిక్కించాడు. "ఇంత మెత్తగా పేలిందేమప్పా?" అని గిన్నె అందుకుని గోటితో గీకాడు. నల్లటి మైనపు బిళ్ళ ఊడి అరచేతిలో పడింది.

మామ వంటింటి వైపు చూశాడు. గుమ్మంలోకి వచ్చిన అత్త ఆకాశం వైపు చూసింది.

"మైనం గీనం లేదు, నా కన్నే" అంటూ మామ పంతంగా నిండుగిన్నె మందు పోసి కాల్చాడు. పొగ తేలేసరికి కొత్త కుండ నిక్షేపంలా ఉంది. గట్టు మీది డ్రిప్పు పైపు నుంచి మాత్రం నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి.

భాయ్ నవ్వి, తన పనితనం సంగతి మరిచిపోయినట్టు అందుకున్నాడు. "అరె, మందెక్కువైతే సగం మందు గొట్టం బయటికొచ్చి మండతాది. ఒక్కోసారి ఒక్కో వేగం. తన్నుతాదని నీ భుజం ముందే అదురుతాది. గుండు యాడికని పోతాది పాపం? కాస్త నెమ్మదైనా ప్రతిసారీ ఒకే తీరుగా పోతే అదే గురి."

మామ వెళ్ళి పైపుకు గుడ్డ చుట్టాడు. చొక్కా అంతా తడిసింది. భాయ్ టీ తాగి బస్సెక్కేదాకా ఆగి, మామ అత్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ కొవ్వొత్తి ఇంకా ఉండాదా?"

ఇప్పుడు గిన్నె ఆయన పెట్టెలోనే తాళంలో ఉంటోంది. తోమిపెడతానన్నా మాకెవరికీ ఇవ్వడు.